ఆదివారం టీకాలు

శుక్రవారం మధ్యాహ్నం దాటిందంటే నెరిస్ చెవులు రోడ్డు మీదే ఉండేవి. కొండ దిగువ మట్టిరోడ్డు మీద యోస్ట్ పికప్ హారన్ వినపడితే చాలు, చేతిలో పని ముగించి, గోడకి తగిలించిన సంచీ భుజాన వేసుకుని దిగిపోయేది. పనిలో ఆమెకి వంక పెట్టడానికి లేదు. వారమంతా కల్వంబా ఊళ్ళో, చుట్టుపక్కల కొండపల్లెల్లో తిరిగి పసిపిల్లల్ని తూచడం, గర్భిణుల్ని చూడడం, నీళ్ళు కాచి తాగమని చెప్పిందే చెప్పడం, అన్నీ ఒళ్ళు దాచుకోకుండా చేసేది. వేల్స్‌లో నర్సుగా ఉండి, జీతం లేని సేవకి ఆఫ్రికాలోని మలావీ వచ్చిన పిల్ల. గొర్రెలు పెంచే ఇంట్లో పుట్టింది కాబట్టి బురదన్నా వానన్నా లెక్కలేదు. కాని కొండల కింద ఉన్న పెద్ద సరస్సంటే పిచ్చి. శనివారం పొద్దున ఆ గోరువెచ్చని నీళ్ళలో వెల్లకిలా తేలుతూ ఉంటే వారం నాటి ఏడుపులూ పుళ్ళూ వాంతులూ అన్నీ ఒంటి మీంచి వదిలిపోయినట్టుండేది.

అది తప్పేమీ కాదు. రాజధానిలో ఉన్న వాళ్ళ సంస్థవాళ్ళు పదేపదే చెప్పేదీ అదే. విశ్రాంతి తీసుకోనివాళ్ళు ఏడాది తిరక్కుండా మంచం పడతారని, ఆ తర్వాత ఎవరికీ పనికిరారని. కాని ఊళ్ళో ఆ మాట చెప్పడానికి నెరిస్‌కి నోరొచ్చేది కాదు. బిడ్డని వీపున కట్టుకుని ఎండలో మొక్కజొన్న చేను తవ్వుతున్న ఆడవాళ్ళ ముందు నుంచి ఈతకి పోతున్నానని చెప్పి ఎలా నడవడం? అందుకని మొదటిసారే, సరస్సు పక్కనున్న పట్నం పేరు చెప్పి, "సలీమాలో మీటింగు" అంది. ఒకసారి అన్నాక ఇక అదే ఖాయమైపోయింది. "పాపం, సిస్టర్‌కి శని ఆదివారాలు కూడా మీటింగులే" అని ఊరంతా జాలిపడేది. ఆ జాలి మొదట్లో గుచ్చుకుంది, తర్వాత అలవాటైపోయింది. సరదా పడడంలో తప్పు లేదు గాని, దాన్ని దొంగసొత్తులా దాచడం మొదలుపెట్టాక మిగతా దొంగబుద్ధులు పిలవకుండానే వచ్చి చేరతాయి.

సరస్సు ఒడ్డున చేరేవాళ్ళలో యోస్ట్ అసలు పెద్ద. బావులు తవ్వించే డచ్చి ఇంజనీరు, గట్టిగా నవ్వే మనిషి. ఇంకా ఇద్దరు ఇంగ్లీషు టీచర్లు. కిందటిసారి అందరి బీరూ ఎండకి కాగి కషాయమైపోయింది.

"మీ ఆసుపత్రిలో ఫ్రిజ్ ఉంది కదా. వచ్చేటప్పుడు కాస్త ఐసు పట్టుకురారాదూ" అన్నాడు యోస్ట్.

"అది టీకా మందులది."

"నేను మందులు తెమ్మన్నానా, ఐసు తెమ్మన్నాను గాని."

అందరూ నవ్వారు. నెరిస్ కూడా నవ్వింది.

కల్వంబాలో కరెంటు లేదు. ఆరోగ్య కేంద్రం వెనక గదిలో గ్యాస్ సిలిండరు మీద నడిచే ముసలి ఫ్రిజ్ ఒకటుంది. కింది అరల్లో టీకా మందులు, పై అరలో నీళ్ళు నింపిన ప్లాస్టిక్ పలకలు. ఆ పలకలు రాయిలా గడ్డకట్టాక, నీలం రంగు టీకా పెట్టెలో నాలుగు పక్కలా పేర్చి, మధ్యలో మందు సీసాలు పెట్టుకుని పల్లెలకి మోసుకుపోవాలి. రెండో జత పలకలు పగిలి చాన్నాళ్ళయింది, కొత్తవి ఇంకా రాలేదు. ఇక ఆ ఫ్రిజ్ ముసలితనం ఎంతదంటే, ఒక్కసారి కరిగిన పలకల్ని మళ్ళీ గడ్డకట్టించడానికి దానికి ఒక పగలూ ఒక రాత్రీ చాలవు. ఈ సంగతి నెరిస్‌కి తెలియక కాదు. తెలిసీ చేసింది, ఆమె సిగ్గంతా అక్కడే ఉంది.

ఆ శుక్రవారం ఎంబేవె ఊళ్ళో లేడు. ఎంబేవె ఆ పల్లెలన్నిటికీ ఆరోగ్య కార్యకర్త. తల నెరిసిన మనిషి, మాట నెమ్మది. పొద్దున్నే వచ్చి ఫ్రిజ్ కింద మంట సరిగా ఉందో లేదో వంగి చూసుకుంటే గాని టీ తాగడు. భార్య తరపువాళ్ళ ఊళ్ళో చావు జరిగితే ఆమెతో కలిసి వెళ్ళాడు. నెరిస్ దగ్గర రెండో తాళంచెవి ఉంది. వెనక గదిలోకి వెళ్ళింది. పలకలు నాలుగూ తీసింది. ఏదో సంచీలో పెట్టుకుంటే అవి దారిలోనే కరిగిపోతాయి కదా అని నీలం పెట్టె కూడా తీసుకుంది. ఆదివారం పెందలాడే వచ్చి పెట్టేద్దాం, సోమవారానికి కాస్త మెత్తగా ఉన్నా పరవాలేదు, అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మనసుకి సర్దిచెప్పడం మొదలెడితే అది ఎంతలో వింటుందో అందరికీ తెలిసిందే.

ఆదివారం మిట్టమధ్యాహ్నం ఒడ్డున చాప మీద కూర్చుని ఉంది. ఈత దుస్తుల మీద అక్కడి ఆడవాళ్ళు నడుముకి కట్టుకునే చితెంజె గుడ్డ చుట్టుకుంది. మిగతావాళ్ళు నీళ్ళలో ఉన్నారు. పక్కన నీలం పెట్టె. అప్పుడు తల మీద పెద్ద బేసిన్‌తో ఒకావిడ ఇసుకలో నడుచుకుంటూ వచ్చి ఎదురుగా ఆగింది.

"మా సిస్టర్ కదూ నువ్వు?"

కల్వంబా ఊరి మెలియా. ఒడ్డున జాలర్ల దగ్గర ఉసీపా ఎండుచేపలు కొనుక్కెళ్ళి కొండ ఊళ్ళలో అమ్ముతుంది. ఆ రోజు అక్కడికి వస్తుందని నెరిస్ కలలో కూడా అనుకోలేదు. మెలియా చూపు నెరిస్ మీంచి పెట్టె మీదికి పోయింది.

"పెట్టె కూడా తెచ్చుకున్నావే. ఈ జాలర్ల పిల్లలకి కూడా నువ్వే వేస్తున్నావా టీకాలు?"

నెరిస్ నోరు తెరిచింది. కాదనడానికే తెరిచింది. "అవును" అని వచ్చింది.

"ఆదివారం కూడానా?"

"ఆదివారం కూడా."

మెలియా బేసిన్ దించింది. మోకాళ్ళు వంచి, రెండు చేతులూ కలిపి మెల్లగా చరిచింది. ఊరి పెద్దల ముందు చరిచినట్టు. "చూశావా మరి. మేం ఆదివారం వచ్చిందంటే చర్చికి పోయి, వచ్చి పడుకుంటాం. మీ అమ్మ నీకు పాలు ఎక్కువే పట్టింది తల్లీ" అంది. పోతూ పోతూ గుప్పెడు ఎండుచేపలు ఆకులో పెట్టి చాప మీద ఉంచింది. "ఎండలో కూర్చున్నావు. తిను."

ఆమె అటు వెళ్ళాక యోస్ట్ నీళ్ళోంచి వచ్చాడు. "ఏమంటోంది?" అన్నాడు.

"ఊరికే. పలకరించింది."

అతను పెట్టె మూత తీసి ఒక సీసా అందించాడు. నెరిస్ దాన్ని అందుకుంది. తాగింది. చల్లగా, బాగానే ఉంది.

బయల్దేరడం ఆలస్యమైంది. ఇంకొక్క మునకేసి పోదాం అన్నది టీచర్లు, కాదు పోదాం అని గట్టిగా అనాల్సింది నెరిస్. అనలేదు. ఊరు చేరేసరికి చీకటి పడింది. పలకల్లో నీళ్ళు గలగలమంటున్నాయి. వాటిని పై అరలో సర్ది, పెట్టె కడిగి బోర్లించి, తలుపు తాళం వేసి ఇంటికి పోయి పడుకుంది. పొద్దుటికి గట్టిపడతాయిలే అనుకుంది. గట్టిపడవని తెలుసు.

సోమవారం ఎంపంగా పల్లెలో టీకాల రోజు. పొద్దున్నే ఎంబేవె పై అర తెరిచి ఒక పలక తీశాడు. చెవి దగ్గర ఊపాడు. ఇంకోటి తీశాడు. మూడోది ఊపకుండానే వెనక్కి పెట్టేశాడు.

"అమ్మాయ్, ఇలా రా" అన్నాడు. "మన ముసలిది చచ్చేట్టుంది."

నెరిస్ గుమ్మంలో నిలబడింది.

"మంట చూస్తే బాగానే ఉంది. గ్యాసు నిండుగా ఉంది. పలకలు మాత్రం నీళ్ళే." వంగి ఫ్రిజ్ కిందికి చూశాడు, లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "మొన్న శుక్రవారం ఆ చావుకి వెళ్ళకుండా ఉండాల్సింది. నేను లేనప్పుడు గాలికి మంట కుంగిపోయి మళ్ళీ దానంతటదే లేచిందేమో. నువ్వేమైనా చూశావా?"

చెప్పడానికి అంతకంటే తేలికైన ఘడియ మళ్ళీ దొరకదు. గదిలో ఇద్దరే ఉన్నారు. చెప్పి ఉంటే ఆయన కేకలేసేవాడు, లేకపోతే నవ్వేసేవాడు, దాంతో పోయేది. నెరిస్ తల అడ్డంగా ఊపింది.

మందులు కదపడానికి వీల్లేదు. అయినా ఎంపంగా వెళ్ళక తప్పదు, తల్లులు వచ్చేసి ఉంటారు. ఊరి చివర మామిడిచెట్టు కొమ్మకి తూకం కాటా కట్టి ఉంది. చెట్టు కింద చితెంజె గుడ్డలు పరుచుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు. వానలు పడ్డ వారం. చేలు తవ్వే పని మానుకుని, వాగు దాటి, తడి గుడ్డలతో వచ్చినవాళ్ళు కొందరు. ఎంబేవె టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మలారా, ఇవాళ తూకమే. టీకాలు లేవు. మా ఫ్రిజ్ జబ్బు పడింది."

చంటిపిల్లాడికి పాలిస్తున్న ఒకామె, తడాలా వాళ్ళమ్మ, వాగు అవతల నుంచి వచ్చిన మనిషి, పిల్లాడిని రెండో రొమ్ముకి మార్చుకుంది. "అయ్యో, మీకెంత కష్టం వచ్చింది" అంది. మిగతావాళ్ళు కూడా అందుకున్నారు. ఆ ఊళ్ళలో మనిషికి నష్టం వస్తే అందరూ వరసగా అయ్యో అనాలి, అనకపోతే తప్పు. ఒక్కొక్కరే వచ్చి ఎంబేవెతో అన్నారు, నెరిస్‌తో అన్నారు. ఒక ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "బాధపడకు తల్లీ, నువ్వేం చేస్తావు" అంది. నెరిస్ కాటా దగ్గరికి పోయి పిల్లల్ని తూచడం మొదలుపెట్టింది. ఎవరి కళ్ళలోకీ చూడలేకపోయింది. నేల నోరు తెరిస్తే అందులో దూరిపోవాలనిపించింది.

ఆ మర్నాడంతా ఎంబేవె చొక్కా విప్పి నేల మీద పడుకుని ఫ్రిజ్ అడుగున మసి తుడిచాడు, గొట్టం ఊడదీసి ఊది మళ్ళీ బిగించాడు. నెరిస్ పక్కన నిలబడి దీపం పట్టుకుంది. ఏమీ పాడవని వస్తువుని బాగుచేస్తున్న మనిషికి దీపం పట్టడం కంటే నీచం ఇంకోటి ఉండదని ఆమెకి అనిపించింది. అయినా దీపం ఇంకాస్త దగ్గరికి జరిపింది. బుధవారం పలకలు మామూలుగా గడ్డకట్టాయి.

"నయమైపోయిందే" అన్నాడు ఎంబేవె సంతోషంగా. "నా చేతికి ఇంకా పని తెలుసు."

ఆ నయం కావడమే ఆయన కొంప ముంచింది. చచ్చిపోయిన ఫ్రిజ్ రెండు రోజుల్లో కొత్త సిలిండరు లేకుండానే ఎలా బతుకుతుంది? ఊళ్ళో ఆలోచన అక్కడ మొదలైంది. ఎవరో మంట ఆపేసి ఉండాలి. ఆపి ఆ గ్యాసు ఏం చేసినట్టు? ఎంబేవె భార్య ఎలియెటి బడి గేటు దగ్గర మందాసీలనే తీపి పిండి ఉండలు వేయించి అమ్ముతుంది. ఈమధ్య అవి మరీ పెందలాడే వేడివేడిగా వస్తున్నాయి కదా. ఇంకేముంది. టీకా మందు చల్లబరిచే గ్యాసు మీద ఎలియెటి మందాసీలు వేయిస్తోందని ఒక బావి దగ్గర పుట్టిన మాట ఇంకో బావి దగ్గరికి పోయేసరికి సిలిండరు వాళ్ళింట్లో చూశామన్నవాళ్ళు కూడా తయారయ్యారు. ఎలియెటి తెల్లవారకముందే లేచి కట్టెలపొయ్యి ఊదుకుంటున్న సంగతి ఎవరికీ పట్టలేదు. పిల్లలు మందాసీలు కొనడం మానేశారు. తట్ట నిండుగా వెళ్ళింది నిండుగానే ఇంటికొచ్చింది.

ఇటు మెలియా నెరిస్‌ని ఆకాశానికెత్తేస్తోంది. "మన ఊరి మనిషేమో టీకాల గ్యాసు తింటాడు. ఎక్కడి నుంచో వచ్చిన పిల్ల ఆదివారం కూడా సరస్సు ఒడ్డున జాలర్ల పిల్లలకి టీకాలు వేస్తోంది. నా కళ్ళతో చూశాను" అని చేపలు తూచి ఇచ్చిన ప్రతి ఇంట్లో చెప్పింది. నెరిస్ దారిన పోతుంటే ఆడవాళ్ళు చేతులు చరుస్తున్నారు. ఆ శుక్రవారం యోస్ట్ హారన్ కొట్టీ కొట్టీ వెళ్ళిపోయాడు. ఆమె దిగలేదు. తర్వాతి నెల ఎంపంగాలో మామిడిచెట్టు కింద జనం సగానికి సగం లేరు. వాగు అవతలివాళ్ళు అసలే రాలేదు. ఫ్రిజ్‌ని నమ్మి చేను వదిలి రావడం ఎందుకన్నారట. జిల్లా ఆఫీసుకి కూడా ఎవరో కబురందించారని, అక్కడివాళ్ళు ఎంబేవెని తీసేసి వేరే మనిషిని వేస్తారని పుకారు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే వంగి మంట చూసుకుంటూనే ఉన్నాడు, టీ తాగడం మానేశాడు.

ఒక సాయంత్రం ఎలియెటి నెరిస్ ఇంటికొచ్చింది. ఎప్పుడూ లోపలికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చునే మనిషి ఆ రోజు అరుగు మీదే కూర్చుంది.

"ఎల్లుండి నాయకురాలు కల్వంబా అమ్మగారు పంచాయితీ పెట్టింది, మా ఆయన మీద. నీకు తెలుసుగా."

"తెలుసమ్మా."

"ఆయన నోరు విప్పడు. విప్పినా తన మీదే వేసుకుంటాడు, అదో రకం మనిషి. మేం చెబితే ఎవరూ నమ్మరు. నువ్వు రా. గ్యాసు ఎక్కడికీ పోలేదు, ఫ్రిజ్ దానంతటదే పాడై దానంతటదే బాగైందని ఒక్క మాట చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు. ఆదివారం కూడా పని చేసేదానివి." చివరి మాట ఎగతాళి కాదు. నిజంగానే అంది. "ఇన్నేళ్ళుగా ఆ పెట్టె మోసి మోసి ఆయన భుజం వంగిపోయింది. ఇవాళ దొంగ అనిపించుకుంటే ఇక బతకడు అమ్మాయ్."

నెరిస్ వస్తానంది. ఎలియెటి వెళ్ళాక ఆ మాట గురించి ఆలోచించింది. దానంతటదే పాడైంది, దానంతటదే బాగైంది. ఆ ఒక్క ముక్క చాలు. ఆయన పేరు నిలబడుతుంది, తన పేరూ నిలబడుతుంది, ఎవరికీ నష్టం లేదు. ఎంత తేలికగా ఉందో చూసి ఆమెకి భయం వేసింది. అయినా ఆ రెండు రోజులూ ఆ మాటే వాళ్ళ చిచెవా భాషలో ఎలా చెప్పాలో నోట్లో నానబెట్టుకుంది.

పంచాయితీ నాయకురాలి ఇంటి ముందు. కల్వంబా అనేది ఊరి పేరూ, నాయకత్వం చేసేవాళ్ళకి వచ్చే పేరూ. ఇప్పుడు కల్వంబా ఒక ముసలావిడ. వయసుతో పాటు నోరు కూడా పదునెక్కిన మనిషి. స్టూలు మీద కూర్చుంది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క నేల మీద. అందరూ చేతులు చరిచి దణ్ణం పెట్టుకున్నాక మెలియా మొదలుపెట్టింది. గ్యాసు కథ చెప్పింది, మందాసీలు చెప్పింది, తడిసి వచ్చి వట్టి చేతులతో పోయిన తల్లుల గురించి చెప్పింది, ఇంతలో నెరిస్ వైపు చెయ్యి చూపించి ఆదివారం టీకాల గురించి చెప్పింది.

"ఎంబేవె, ఏమంటావు?" అంది నాయకురాలు.

ఎంబేవె లేచి టోపీ చేతిలో పట్టుకున్నాడు. "గ్యాసు నేను తీయలేదు అమ్మగారూ. నా భార్యా తీయలేదు. కాని ఫ్రిజ్ ఎందుకు పాడైందో నాకు తెలీదు. చాలా ఆలోచించాను. శుక్రవారం నేను లేను. నేను ఉండుంటే పాడయ్యేది కాదు. ఆ తల్లులు తడిసి వచ్చి ఊరికే పోయారు, అది నా వల్లే. తప్పు నాదే అనుకోండి."

"అనుకోండి ఏంటయ్యా, నీదా కాదా?"

"నాదే."

నెరిస్ నోట్లో నానబెట్టుకున్న మాట ఒక్కసారి చేదైపోయింది. లేవమన్నదెవరో, లేచిందెప్పుడో ఆమెకే తెలీదు.

"ఆయనది కాదు. ఫ్రిజ్ పాడవలేదు. పలకలు నేను తీసుకెళ్ళాను. సరస్సుకి. ఆదివారం తిరిగి తెచ్చి పెట్టాను. అప్పటికి కరిగిపోయాయి."

ఆడవాళ్ళంతా మెలియా వైపు తిరిగారు.

"సరస్సు దగ్గర టీకాలకే కదా" అంది మెలియా మెల్లగా. "నేను చూశాను కదా పెట్టె."

"టీకాలు కాదు మెలియా అక్కా. పెట్టెలో బీరు ఉంది. నేను ఈతకి వెళ్తాను. మీటింగులన్నీ అబద్ధం. నీతో చెప్పిందీ అబద్ధమే."

మగవాళ్ళ వైపు నుంచి ఎవరిదో ఒక నవ్వు చప్పున లేచి అణిగిపోయింది. మెలియా నవ్వలేదు. "ఊరంతా చెప్పానే నేను" అంది. "ఇల్లిల్లూ తిరిగి చెప్పానే." చితెంజె కొంగు లాక్కుని తల కప్పుకుంది. నెరిస్‌కి ఆ నవ్వు పరవాలేదు గాని ఈ కొంగు చూడలేకపోయింది. ఎంబేవె వైపు అసలే చూడలేదు. దీపం పట్టుకున్నది ఆయనకి గుర్తొచ్చి ఉంటుందని తెలుసు.

నాయకురాలు చాలాసేపు కర్రతో నేల గీసింది.

"చల్లగా ఉందా బీరు?" అంది.

నెరిస్‌కి అర్థం కాలేదు.

"ఐసు పెట్టావు కదా. చల్లగా ఉందా అంటున్నా."

"ఉందండీ."

"తాగినందుకు నిన్నెవరూ ఏమీ అనరు. పండగొస్తే నేనూ మా ఇంట్లో కాచిన మొక్కజొన్న కల్లు తాగి అందరికంటే ముందు గంతులేస్తాను, వీళ్ళనడుగు. ఈతకి పోయినందుకూ అనరు. మా పిల్లలు వాగులో పడి దొర్లుతుంటే వద్దంటున్నామా. మాకు తెలీకుండా సంతోషపడ్డావే, అదెందుకు? మా సంతోషాలన్నిట్లో నిన్ను కూర్చోబెట్టుకున్నాం. నీ సంతోషానికి మేం పరాయివాళ్ళమా?"

ఏదైనా శిక్ష వేయండి, అంది నెరిస్. ఎంత పెద్ద జరిమానా అయినా కడతానంది. అడవికి కట్టెలకి పంపినా పోతానంది. మాట ఏడుపులోకి జారింది. తిడతారనుకుంది, తిట్టించుకుని తేలికపడదామనుకుంది.

"నీకేం వేస్తాం" అంది నాయకురాలు. "నువ్వు ఊళ్ళోకి దిగిన రోజు ఇక్కడే, ఈ స్టూలు ముందే, ఈ పిల్లకి మేనమామ ఎవరని అడిగాను. మేనమామ లేని మనిషిని మేం ఊళ్ళో ఉండనివ్వం. పెళ్ళయినా తగువైనా మాట చెప్పేది మేనమామ, తప్పు కట్టేదీ మేనమామ. ఎవరు లేచారప్పుడు?"

నెరిస్‌కి గుర్తుంది. ప్రయాణపు దుమ్ముతో నిలబడి ఉంటే ఒక నెరిసిన తల మనిషి చెయ్యెత్తాడు. అందరూ చేతులు చరిచారు. అదేదో స్వాగతం చెప్పే వేడుక అనుకుని తనూ నవ్వుతూ చరిచింది.

"నేను లేచాను" అన్నాడు ఎంబేవె.

"అయితే దొంగతనం మచ్చ నీ మీద లేదు. ఎలియెటి మందాసీలు రేపటి నుంచి అందరూ కొనండి. నీ మేనకోడలి తప్పుకి ఒక కోడి తే. పెట్టే తేవాలి, పుంజు వద్దు. ఇప్పుడే వండించు, అందరం తిందాం."

"వద్దు" అంది నెరిస్. "ఆయనకి కాదు, నాకు. తప్పు చేసింది నేను కదా. కోడి నేను కొంటాను."

ఎవరూ ఆమె మాట విననట్టే ఉన్నారు. చెప్పిన తీర్పు మీద పిల్లలు మాట్లాడరు. ఎంబేవె అప్పటికే ఇంటివైపు నడుస్తున్నాడు. గుడ్లు పెట్టే ఎర్రపెట్టని చంకలో పెట్టుకుని వచ్చాడు. ఎలియెటి ఒక్క మాట అనకుండా దాన్ని అందుకుని కోసి, ఈకలు పీకి, నాయకురాలి పొయ్యి మీదే వండింది. నెరిస్ సాయం చేయబోతే చేతిలో కత్తి లాక్కుంది. కోపం ఉందో లేదో మొహంలో తెలీలేదు. ఉండే ఉంటుంది.

మొక్కజొన్న పిండితో వండిన న్సీమా ముద్దలు, కోడికూర పళ్ళేల్లో వచ్చాయి. చేతులు కడుక్కున్నారు. వాళ్ళ ఇళ్ళలో కోడి కందనకాయ ఇంటి పెద్ద మగవాడిది, ఇంకెవరూ ముట్టరు. ఎలియెటి దాన్ని ఎంబేవె పళ్ళెంలో వేసింది. ఆయన దాన్ని వేళ్ళతో తీసి, నెరిస్ పళ్ళెంలో ముద్ద పక్కన పెట్టాడు.

"తిను."

"నేను తినలేను ఎంబేవె గారూ."

"తినాలి. తప్పు చేసినవాళ్ళు మొదట తింటే గాని మిగతావాళ్ళు తినరు."

అందరూ ఆమె వైపు చూస్తూ కూర్చున్నారు. కొంగు తీయకుండానే మెలియా కూడా చూస్తోంది. నెరిస్ నోట్లో పెట్టుకుంది. అది తొందరగా మింగుడుపడే వస్తువు కాదు. నమిలింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నమిలింది.

"మా అందరికీ ఆకలేస్తోంది అమ్మాయ్" అంది ఎలియెటి.

మింగింది. చేతులన్నీ పళ్ళేల్లోకి వెళ్ళాయి, మాటలు మొదలయ్యాయి, వానల గురించి, ఎరువుల గురించి. నెరిస్ ఎంబేవె వైపు తిరిగింది. ఆ దీపం గురించి చెప్పాలి, గొట్టం ఊదుతుంటే చూస్తూ నిలబడిన సంగతి చెప్పాలి. "ఎంబేవె గారూ, నన్ను క్షమించండి, నేను ఆ రోజు" అని మొదలుపెట్టింది.

ఆయన ముద్ద కలుపుతూనే తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. తిన్నాక ఇక ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే మళ్ళీ తప్పు. ఇంకో కోడి తేవాలి."

ముద్ద కూరలో అద్దుకుని, "నా దగ్గర ఇంకొక్కటే ఉంది" అన్నాడు.